చిరివేరు ఎరుపు, తారు ఎరుపు

బందరు అద్దకమునకు వన్నె తెచ్చినది చిరివేరు. పటిక అద్దిన గుడ్డను ఆ వేళ్ల నీటిలో ఉడికించినచో, పటిక సోకిన మేరకే ఎరుపు పట్టెడిది. నలుపునకు తుప్పుపట్టిన ఇనుము, బెల్లము చాలును, కరక్కాయ సరేసరి.

1868లో గ్రేబె, లీబర్మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు ఆ ఎరుపునే, అనగా అలిజరిన్‌ను, బొగ్గుతారునుండి తీసిరి. చౌక రంగు బందరుకును వచ్చినది, చిరివేరు వెనుకబడినది. మనకు చేరినది రంగు మాత్రమే. రంగు చేయగా మిగిలిన మడ్డి చేసిన చోటనే ఉండిపోయినది.

తారురంగుల మడ్డి ఎట్టిదో స్విట్జర్లండులోని బాజెల్ నగరము అంతకుముందే చవిచూచినది. ఫుక్సిన్ అను మరియొక ఎర్రరంగు తయారీకి అచట పాషాణమునుండి తీసిన ఆమ్లమును వాడెడివారు. కార్ఖానా మురుగు నేలలోనికి ఇంకినది. 1864లో ఇరుగుపొరుగు బావుల నీరు త్రాగినవారు జబ్బుపడిరి. బావి విషము త్వరగానే బయటపడినది. పనివారి ఒంట చేరిన విషము అట్లు కాదు. ఫుక్సిన్ కార్ఖానా పనివారికి మూత్రాశయమున క్యాన్సరు పుట్టుచున్నదని ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యుడు లుడ్విగ్ రేన్ చెప్పుసరికి 1895వ సంవత్సరము వచ్చినది!

తారురంగులన్నిటిని ఒకే గాట కట్టుట మాకు సమ్మతము కాదు. రేన్ చూచిన వ్యాధికి మూలము అనిలిన్ జాతి పదార్థములు. అలిజరిన్ ఆ జాతిది కాదు. బందరు, పెడన అద్దకపువారు నేటికిని పటికపై ఎరుపు తేల్చుటకు వాడునది ఈ అలిజరిన్‌నే.