ఎకరాల చరిత్రలో కనిపించని గజాలు

ఈ భాగం ఇంటి జాగ గురించి.

పీహెచ్‌డీ కోసం తెలంగాణ సాయుధ పోరాటం మీద వచ్చిన నవలలు, కథలు, ఆత్మకథలు చదివినన్నాళ్లూ నాకు ఎకరాలే కనిపించాయి. అది న్యాయమే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కొట్లాడింది పంట భూమి కోసం. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు. రెండు ఊళ్లూ ఇవాళ జనగామ జిల్లాలోనే ఉన్నాయి. అయితే ఆ ఊళ్లలో మాదిగవాడ, మాలవాడ ఎంత జాగలో ఉండేవి? ఒక్కో గుడిసెకు ఎన్ని గజాలు? ఆ లెక్క రాసినవాళ్లు నాకు దొరకలేదు.

వాడ చుట్టూ పట్టాదారుల చెలకలు, పొలాలు. ఊరు బయటికి పెరిగితే, వాడ లోపలికే పెరగాలి. 1975 నాటి ఇందిరాగాంధీ ఇరవై సూత్రాల్లో భూమిలేని పేదలకు ఇళ్ల స్థలాలు ఒక సూత్రం. ఆ తర్వాత చాలా వాడలకు పట్టాలొచ్చాయి, అమ్మకూడదన్న షరతుతో. పిల్లలు పెద్దయితే ఎట్లా పంచుకోవాలన్న మాట మాత్రం నేను చూసిన ఏ పట్టా మీదా లేదు.

గుంట అంటే 121 గజాలు. తాతకు గుంట జాగ దొరికిందనుకోండి. ఇద్దరు కొడుకులకు అరవై చొప్పున, నలుగురు మనుమలకు ముప్పై చొప్పున. పంపకం పెద్దమనుషుల ముందు, తెల్లకాగితం మీద. ఇంటి నంబరు పక్కన బై ఒకటి, బై రెండు. కరెంటు మీటర్లు వేరు, పొయ్యిలు వేరు. పట్టా మాత్రం తాత పేరు మీదే. మహబూబాబాద్ తండాల్లో, భూపాలపల్లి బొగ్గుబాయిల పక్క బస్తీల్లో కూడా నేను చూసింది ఇదే.

2016 అక్టోబర్ 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. గజం ధరకు రెక్కలొచ్చాయి. అనుమతి లేని వెంచర్లు మొలిచాయి. రాష్ట్రమంతా ఉన్న ఇట్లాంటి ప్లాట్ల కోసం 2020 ఆగస్టు 31న ఎల్ఆర్ఎస్ జీవో 131 వచ్చింది. అప్పట్లో వెయ్యి రూపాయలతో దరఖాస్తు పెట్టి, ఆపైన చార్జీలు కడితే ప్లాటు సక్రమమైపోయేది. అసైన్డ్ జాగకు ఆ తలుపు లేదు. పొలాన్ని ముక్కలు చేసి అమ్మినాయన తప్పుకు దారి దొరికింది, కొడుకులకు పంచిన తాత పనికి దొరకలేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. 2014 డిసెంబర్ 30 నాటి జీవో 58, ప్రభుత్వ జాగలో ఇల్లు కట్టుకున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధీకరిస్తామంది. 2019 మున్సిపల్ చట్టం 75 గజాల లోపు చిన్న ఇంటికి పర్మిషన్ అక్కర్లేదంది. ఇల్లు కట్టడానికి అడ్డు తొలగింది గానీ, కాగితంలో పేరు ఎవరిదన్న ముడి అట్లాగే ఉంది.

ఇప్పుడు ఇందిరమ్మ ఇల్లు. ఐదు లక్షలు ఇస్తారు, సొంత జాగ ఉండాలి, కనీసం 400 చదరపు అడుగులు కట్టాలి. ముప్పై గజాలంటే 270 చదరపు అడుగులే! పట్టణాల్లో అరవై గజాల లోపు జాగ ఉన్నవాళ్లు పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చని 2025లో సడలింపు ఇచ్చారు. మంచిదే. కానీ నా దగ్గర డిగ్రీ చదివే ఒక అమ్మాయిది పల్లె. వాళ్ల నాన్నకు, చిన్నాన్నకు కలిపి ఒకటే పట్టా. ఒక ఇల్లే వస్తుందని చెప్పారట. అది ఎవరికన్న దగ్గర అన్నదమ్ములకు మాటలు బందయ్యాయి.

ప్లాటు సైజు ఎప్పుడూ ఉత్త కొలత కాదు. అమెరికాలో నల్లవాళ్లను వేరే వీధుల్లో ఉంచే లూయీవిల్ నగర చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 1917లో కొట్టేసింది. తర్వాత ఎన్నో శివారు పట్టణాలు ప్లాటుకు కనీస సైజు పెట్టాయి. రంగు పేరెత్తకుండానే నల్లవాళ్లు, పేదలు బయట ఉండిపోయారు. అయినా అక్కడ జాగ చిన్నదైనవాడు బోర్డు ముందుకు పోయి ‘వేరియన్స్’ అడగొచ్చు, బోర్డు అతని మాట వినాలి. ఈ అన్నదమ్ములు పోయి చెప్పుకోవడానికి అట్లాంటి బోర్డు ఏది? ఇంకో జీవో కోసం ఎదురుచూడాలి.

నేను అడిగేది ఒకటే. ఎన్ని గజాలైనా సరే, పాత ఇంటి పట్టాను వారసుల మధ్య విడగొట్టి ఎవరి పేరున వాళ్లకు రాసివ్వాలి. మీ ఇంట్లో అట్లాంటి పట్టా ఉంటే ఏ సంవత్సరంలో వచ్చిందో, ఎన్ని గజాలో, ఇప్పుడు ఆ జాగలో ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో రాసి పంపండి. పేర్లు వద్దు. వచ్చే భాగం ఆ లెక్కలతోనే.