గాంధీజీ మెచ్చిన రాజమండ్రి పెన్ను

ఐదేళ్లు కీబోర్డు కొట్టి వచ్చిన నాకు పెన్ను మీద ఎపిసోడ్ ఏంటి అనుకుంటున్నారా? చివరిదాకా చూడండి.

స్వదేశీ ఉద్యమ రోజుల్లో మంచి ఫౌంటెన్ పెన్ను అంటే విదేశీ సరుకే. గాంధీజీ మాటతో రాజమండ్రికి చెందిన కోసూరి వెంకటరత్నం గారు ఆ పనికి పూనుకున్నారు. 1932లో రత్నం పెన్ వర్క్స్ మొదలైంది.

తయారీ ఇలా ఉంటుంది. ఎబొనైట్ అంటే గంధకం ఎక్కువగా కలిపి గట్టిపరిచిన రబ్బరు. ఆ కడ్డీని లేత్‌కి బిగించి, లోపల తొలిచి, పైన చెక్కి, మరలు కోసి, మెరుగు పెడతారు. మూత సరిగ్గా బిగుసుకోకపోతే ఇంకు జేబులోకే!

అసలు చిక్కు పాళీ దగ్గర వచ్చింది. మొదట పంపిన పెన్నులో విదేశీ భాగాలున్నాయని గాంధీజీ ఒప్పుకోలేదని చెబుతారు. తర్వాత పంపిన పెన్ను జె.సి. కుమారప్ప గారి ద్వారా ఆయనకు చేరింది. వాడి చూసి, బజారులో దొరికే విదేశీ పెన్నులకు ఇది మంచి ప్రత్యామ్నాయమని 1935 జులై 16న ఉత్తరం రాశారు. గమనించండి, ముందు వాడారు, తర్వాతే మెచ్చుకున్నారు.

ఇప్పుడు చాలా హ్యాండ్‌మేడ్ పెన్నులకు జర్మనీ పాళీలే పెడుతున్నారు. తప్పని నేననను. నా కోడ్‌లో సగం ఎవరో రాసిన లైబ్రరీలే కదా! కానీ "ఇందులో మనది ఎంత?" అని అడిగే అలవాటు మాత్రం పోకూడదు. రత్నం గారి చేత మళ్లీ లేత్ పట్టించింది ఆ ప్రశ్నే.

మీ ఇంట్లో పాత పెన్ను ఉంటే కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి!