కంప్యూటరు నిద్ర

దీపము ఆర్పుట వేరు, వత్తి తగ్గించుట వేరు. ఆర్పిన దీపమునకు చమురు అక్కరలేదు. వత్తి తగ్గించిన దీపము నిలువవలెనన్నచో కొంచెమైనను చమురు ఉండవలెను. కంప్యూటరులో విద్యుత్తును పొదుపు చేయు ఏర్పాట్లు కొన్ని ఇండ్లలో ఫలించి, కొన్ని ఇండ్లలో విఫలమగుటకు ఈ భేదమును మరచుట ఒక కారణము.

1992లో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ‘ఎనర్జీ స్టార్’ అను గుర్తును ప్రవేశపెట్టినది. మొట్టమొదట ఆ గుర్తు కంప్యూటర్లకు, వాని తెరలకు లభించినది. ఆ ఏడే ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ‘ఏ.పి.ఎం.’ అను పద్ధతిని వెలువరించినవి. ఇందులో పెత్తనము చాలవరకు బయోస్‌ది, అనగా మదర్‌బోర్డు మీది చిప్పులో ఉండి యంత్రమును మేల్కొలుపు ప్రోగ్రాముది. ఆపరేటింగ్ సిస్టం ఏ పనిలో ఉన్నదో దానికి సరిగా తెలియదు. యజమాని పద్దు వ్రాయుచుండగా నౌకరు వచ్చి దీపము తగ్గించినట్లుండెడిది.

ఈ లోపము తీర్చుటకై 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు ‘ఏ.సి.పి.ఐ.’ని ప్రకటించినవి. పెత్తనము ఆపరేటింగ్ సిస్టం చేతికి వచ్చినది. అయినను చిక్కులు తీరలేదు. యంత్రము నిద్రించి లేవవలెనన్నచో బోర్డు, బయోస్, ఆపరేటింగ్ సిస్టం, ఒక్కొక్క పరికరమును నడపు డ్రైవర్ అన్నియు కలిసి రావలెను. ఒక్కటి పెడసరముగ ఉన్నను యంత్రము నిద్రపోదు, పోయినను లేవదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.ని ఏ.సి.పి.ఐ. లేని అమరికతో స్థాపించినచో, తరువాత బయోస్‌లో దానిని తెరచినంత మాత్రమున పొదుపు సౌకర్యములు వచ్చెడివి కావు.

ఇక నిద్రలో రెండు విధములు కలవు. ‘స్లీప్’లో పని అంతయు మెమరీలోనే నిలుచును; దానికి సన్నని విద్యుద్ధార అందుచుండవలెను. ఇది వత్తి తగ్గించుట. ‘హైబర్నేషన్’లో మెమరీలోనిది హార్డ్ డిస్కుకు ఎక్కి, యంత్రము పూర్తిగా ఆగును. ఇది పద్దు వ్రాసిపెట్టి దీపము ఆర్పుట. అయితే డిస్కులో తగినంత చోటుండవలెను. లినక్స్‌లో సాధారణముగ ‘స్వాప్’ అను భాగము కావలెను.

మాడుగులలో ఒక వర్తకుడు బల్లమీది కంప్యూటరును స్లీప్‌లో ఉంచి భోజనమునకు వెళ్లినాడనుకొందము. ఇంతలో కరెంటు పోయినది. యు.పి.ఎస్. లేదు. అతడు భద్రపరచని లెక్కలు మరి దొరకవు. అదే ల్యాప్‌టాప్ అయినచో బ్యాటరీ కొంతసేపు కాపాడును. ఈ ఆపదను ఎరిగియే 2007లో ప్రజలకందిన విండోస్ విస్టా, బల్లమీది యంత్రముల కొరకు రెండు విధములను కలిపి, మెమరీలోనిదానికి డిస్కులోను నకలు ఉంచు ‘హైబ్రిడ్ స్లీప్’ను తెచ్చినది.

కనుక తెరమీద పొదుపు మీట కనబడినంతనే యంత్రము దానికి తగినదని తలపరాదు. ముందు పని భద్రపరచి, ఒకసారి నిద్రపుచ్చి లేపి చూడవలెను. లేచినదా, ఆ పొదుపు మనది. లేవనిచో, పని ముగియగానే యంత్రమును పూర్తిగా ఆపుటయే మేలు.