గుట్కా అలవాటు లేకున్నా క్యాన్సర్ వస్తుందా? నోట్లో మచ్చలు, గొంతులో గడ్డ.. హెచ్‌పీవీ పాత్ర ఎంత?

నంద్యాల, ఆళ్లగడ్డ: నోరు పూసిందంటే మనవైపు ముందు వినిపించే మాట 'వేడి చేసిందిలే'. మెడికల్ షాపులో బీ కాంప్లెక్స్ మాత్రలు, ఓ జెల్ ట్యూబు కొంటే సరి. చాలా పుండ్లు అలాగే మానిపోతాయి కూడా. కానీ రెండు వారాలు దాటినా మానని పుండు సంగతి వేరు. ఇప్పుడు పొగాకుతో పాటు హెచ్‌పీవీ పేరూ వినిపిస్తోంది. అసలు విషయం ఏంటో చూద్దాం.

ఏంటీ హెచ్‌పీవీ?
హ్యూమన్ పాపిలోమా వైరస్. ఇందులో 200కు పైగా రకాలున్నాయి. కొన్నింటితో పులిపిర్లు వస్తాయి, అంతే. 16వ రకం మాత్రం డేంజర్. అదుపు తప్పిన కణాలను ఆపే పీ53, ఆర్‌బీ ప్రొటీన్లను ఇది పనిచేయనివ్వదు. ఈ వైరస్‌కూ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కూ ఉన్న లింకును తేల్చిన జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది.

నోరు వేరు.. గొంతు వేరు
ఇక్కడే చాలామంది పొరబడతారు. హెచ్‌పీవీ ఎక్కువగా దెబ్బతీసేది టాన్సిల్స్‌ను, నాలుక వెనుక భాగాన్ని. అమెరికాలో ఈ రకం గొంతు క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి ఇదే కారణమని అక్కడి సీడీసీ చెబుతోంది. బుగ్గ లోపల, చిగుళ్లు, నాలుక ముందు భాగంలో వచ్చే క్యాన్సర్లకు మన దగ్గర మెయిన్ కారణాలు గుట్కా, ఖైనీ, వక్క, బీడీ, మద్యం. పొగాకు కలపని ఉత్త వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది.

మచ్చల మాటేంటి?
రుద్దినా పోని తెల్లమచ్చ ల్యూకోప్లేకియా. ఎర్రమచ్చ ఎరిత్రోప్లేకియా, ఇది మరింత ప్రమాదకరం. వక్క నమిలేవాళ్లలో బుగ్గలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోకపోతే అది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని తాగే 'అడ్డపొగ' వల్ల అంగిలిపై మచ్చలు, క్యాన్సర్లు వస్తాయి. ఇలాంటి కొన్ని మచ్చల్లో హెచ్‌పీవీ కనిపించినా, అదే కారణమని ఇంకా తేలలేదు. ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు. కానీ ఏది అవుతుందో అద్దంలో చూసి చెప్పలేం.

ఇంట్లో అనుమానాలొద్దు
ఈ వైరస్ లైంగిక సంబంధం ద్వారా, నోటి ద్వారా జరిగే సెక్స్‌తోనూ అంటుతుంది. చాలామందిలో ఏడాది, రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోయి క్యాన్సర్‌గా మారుతుంది. కాబట్టి రిపోర్టులో హెచ్‌పీవీ అని వస్తే భార్యనో భర్తనో నిలదీయడం తప్పు. అది ఎప్పుడు సోకిందో ఎవరూ చెప్పలేరు. ఈ రకం గొంతు క్యాన్సర్ చికిత్సకు బాగానే లొంగుతుంది.

టీకా ఉందా?
ఉంది. 9 నుంచి 26 ఏళ్లవారి కోసం మన దేశంలో తయారైన సెర్వావ్యాక్‌కు 2022లో అనుమతి వచ్చింది. సోకకముందు వేయించుకుంటేనే ఫలితం. ఉన్న వైరస్‌ను ఇది పోగొట్టదు. వక్క, పొగాకు నుంచి వచ్చే ముప్పునూ తగ్గించదు.

ఇవి కనిపిస్తే ఆగొద్దు
• రెండు వారాలైనా మానని పుండు, పోని తెల్ల లేదా ఎర్ర మచ్చ
• మూడు వేళ్లు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకోకపోవడం
• మెడలో నొప్పి లేని గడ్డ, మింగేటప్పుడు నొప్పి, ఒకవైపే చెవిపోటు, గొంతు మారడం

ఎక్కడికి వెళ్లాలి?
30 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో నోటి పరీక్ష ఉచితం. ఆళ్లగడ్డ, నంద్యాల ప్రభుత్వాసుపత్రుల్లో చూపించుకోవచ్చు. కర్నూలులో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. డాక్టర్ ముక్క పరీక్ష రాస్తే భయపడి వాయిదా వేయకండి. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్నది అపోహే. అలవాటు లేనివాళ్లు కూడా గడ్డ కనిపిస్తే 'నాకెందుకు వస్తుందిలే' అని ఊరుకోవద్దు.