పాల్కురికి వాద్యనామాల నుంచి గిటారు పలక వరకు: వాద్యదారువు ఎంపిక - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

పాల్కురికి సోమనాథుని కృతులు మధ్యయుగ తెలుగునేలపై వినిపించిన వాద్యాల పేర్లను భద్రపరచాయి. ఆ వాద్యాలను ఏ కర్రతో చేశారన్న విషయం మాత్రం కావ్యపరిధికి వెలుపలే ఉండిపోయింది. శాస్త్రగ్రంథాలు, సజీవ వాద్యనిర్మాణ సంప్రదాయాలు, ఆధునిక గిటారు నిర్మాణచరిత్ర అనే మూడు ఆధారాలతో వాద్యదారువు ఎంపికలోని సూత్రాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కర్ర ఎంపికను నాదం ఒక్కటే నిర్ణయించలేదని, అడవి, చట్టం, వాణిజ్యం కూడా నిర్ణయించాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పాల్కురికి సోమనాథుడు, కిన్నెర, బొబ్బిలి వీణ, పనస, ఇరుగుడు, గిటారు, వాద్యదారువు.

1. ప్రవేశిక:

పాలకుర్తి పూర్వం వరంగల్లు జిల్లాలో ఉండేది. 2016 పునర్విభజన తరువాత జనగామ జిల్లాలో చేరింది. తెలుగు సాహిత్యచరిత్రలో ఈ ఊరి పేరు పాల్కురికి సోమనాథుని పేరుతో పెనవేసుకుంది. ఆయన ద్విపదలో రచించిన పండితారాధ్య చరిత్రలోని పర్వతప్రకరణం శ్రీశైల యాత్రను, శివరాత్రి జాగరణను వర్ణిస్తూ రాగాలను, నృత్యాలను, వాద్యాలను, పలు రకాల వీణలను పేర్కొంటుంది. బసవపురాణంలోని కిన్నర బ్రహ్మయ్య కథలో వాద్యమే భక్తుని పేరుగా మారింది. కాకతీయుల నాటి సంగీతచరిత్రకు ఈ రెండు కృతులు ప్రధానమైన దేశీయ ఆధారాలు.

ఇంతవరకు జరిగిన చర్చ ఎక్కువగా ఆ వాద్యాల పేర్ల చుట్టూ, వాటి గుర్తింపు చుట్టూ సాగింది. అవి ఏ పదార్థంతో తయారయ్యాయి, ఆ పదార్థాన్నే ఎందుకు ఎంచుకున్నారు అన్న ప్రశ్నలు కూడా అంతే ముఖ్యమైనవి. కర్ర మారితే వాద్యం బరువు, ధర, ఆయుష్షు, నాదం మారుతాయి. ఎవరు దానిని చేయగలరు, ఎవరు మోయగలరు అన్న విషయాలు కూడా మారుతాయి.

2. కావ్యం, శిల్పం, శాస్త్రం - ఆధారాల పరిమితి:

కవికి వాద్యం పేరు, దాని ధ్వని, అది మోగిన సందర్భం ప్రధానం. శిల్పికి రూపం ప్రధానం. 1213లో రేచర్ల రుద్రుడు నిర్మించిన పాలంపేట రామప్ప ఆలయంలో నర్తకీమణుల సరసన వాద్యకారులు కనిపిస్తారు. ఆ శిల్పాల్లో మద్దెల ఆకారం, దానిని పట్టుకున్న తీరు తెలుస్తాయి. మద్దెల ఏ చెట్టు నుంచి వచ్చిందో రాయి చెప్పదు.

ఈ లోటును తీర్చగల తెలుగునేల గ్రంథం ఒకటి ఉండవలసింది. గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళిని రచించాడు. ఆయనదేనని చెప్పే వాద్యరత్నావళి నేడు అలభ్యం. అందువల్ల సమీపకాలపు సంస్కృత గ్రంథమైన సంగీతరత్నాకరాన్ని ఆశ్రయించక తప్పదు. దేవగిరి యాదవరాజు సింఘణుని ఆస్థానంలో శార్ఙ్గదేవుడు రచించిన ఈ గ్రంథంలో ఆరవదైన వాద్యాధ్యాయం పదార్థాలను స్పష్టంగా పేర్కొంటుంది. ఏకతంత్రి వీణ దండానికి ఖదిరం, అంటే చండ్రకర్ర వాడాలి. మర్దలానికి బీజవృక్షం వాడాలి. దీనిని తెలుగువారి వేగిసగా గుర్తిస్తారు. కిన్నరికి దండం వెదురుది. దాని మెట్లను గద్ద ఎముకతోగాని లోహంతోగాని చేసి, మైనంలో కాల్చిన గుడ్డ మసి కలిపి అతికించాలి.

ఈ జాబితాను ఆనాటి తెలుగునేలకు యథాతథంగా అన్వయించలేం. అయితే ఒక విషయం దీనివల్ల రుజువవుతుంది. పదమూడవ శతాబ్దినాటికి ప్రతి వాద్యానికి తగిన పదార్థం ఏదన్న వివేకం శాస్త్రస్థాయికి చేరింది.

3. కిన్నెర - సజీవ సాక్ష్యం:

శార్ఙ్గదేవుడు చెప్పిన కిన్నరి నిర్మాణం తెలంగాణలో నేటికీ పూర్తిగా అంతరించలేదు. పాలమూరు ప్రాంతపు కిన్నెరకు వెదురు దండం, ఎండిన సొరబుర్రలు, మెట్లను నిలబెట్టే తేనెమైనం ప్రధాన పదార్థాలు. పూర్వం మెట్లకు అలుగు పెంకులు వాడేవారు. 2022లో దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ లభించడంతో పన్నెండు మెట్ల కిన్నెర దేశమంతటికీ పరిచయమైంది.

శాస్త్రంలోని కిన్నరికీ జానపద కిన్నెరకూ మధ్య నేరుగా వంశానుక్రమం ఉందని నిరూపించడానికి ఈ పోలిక ఒక్కటే చాలదు. కానీ రెండింటి వెనుక ఉన్న ఆలోచన ఒకటే. తంత్రి తనంతట తాను ఎక్కువ గాలిని కదిలించలేదు. దాని కంపనాన్ని తేలికైన, గట్టిదైన మరో వస్తువు అందుకోవాలి. వెదురు తక్కువ బరువుతో నిటారుగా నిలుస్తుంది. పలుచని గోడ గల సొరబుర్ర చెక్కే పని లేకుండానే నాదపేటిక అవుతుంది. ఊరూరా తిరిగే గాయకునికి కావలసిన వాద్యం భుజాన మోయగలిగినదై ఉండాలి. పగిలితే దారిలోనే బాగుచేసుకోగలిగినదై ఉండాలి. పదార్థపు ఎంపికలో నాదంతోపాటు జీవనవిధానం కూడా పలుకుతుందనడానికి కిన్నెర మంచి ఉదాహరణ.

మెట్ల విషయంలో చరిత్ర మరో మలుపు తిరిగింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అలుగుకు అత్యున్నత రక్షణ కల్పించింది. ఆ ప్రాణి మనుగడ దృష్ట్యా ఇది అవసరమైన నిషేధం. దీనితో పాత పదార్థం నిషిద్ధమైంది, ప్రత్యామ్నాయం అనివార్యమైంది.

4. పనస - ఒకే మానులో వీణ:

సరస్వతీవీణ నిర్మాణంలో మరో తర్కం కనిపిస్తుంది. తంజావూరులోను, విజయనగరం జిల్లా బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలోను వీణకు పనసకర్రనే ఎంచుకుంటారు. గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరు గల కుటుంబాలు ఈ విద్యను తరతరాలుగా కొనసాగిస్తున్నాయి. కుండ, దండి ఒకే దుంగ నుంచి తొలిచే ఏకాండి వీణ బొబ్బిలి ప్రత్యేకత. అతుకు లేకపోతే కంపనం అడ్డులేకుండా సాగుతుందన్నది ఈ పద్ధతికి చెప్పే సమర్థన.

ఏకాండి వీణకు పొడవు, చుట్టుకొలత గల ముదురు మాను కావాలి. అందులో చేవ ఉండాలి. ముడులు, పగుళ్లు, పురుగు తొలిచిన జాడలు ఉండకూడదు. పచ్చికర్ర ఎండేకొద్దీ కుంచించుకుపోతుంది. పొడవు దిశలో ఈ మార్పు స్వల్పం, అడ్డదిశలో అధికం. సరిగా ఆరని కర్రతో చేసిన వీణలో దండి వంగితే మైనంపై నిలిపిన ఇరవైనాలుగు మెట్ల శ్రుతి చెడుతుంది. పనస చెక్కడానికి అనువైనది, మరీ బరువుండదు, చెదలను తట్టుకుంటుంది, పెరటిచెట్టుగా ఊళ్లోనే దొరుకుతుంది.

గ్రంథంలో మర్దలానికి బీజవృక్షాన్ని చెప్పగా, నేటి మృదంగానికి అధికంగా వాడేది పనసే. వాద్యదారువు శాశ్వతంగా నిర్ణయమైనది కాదని ఈ మార్పు సూచిస్తుంది.

5. గిటారు - ఇరుగుడు ప్రయాణం:

ఈ సూత్రాలను పరీక్షించడానికి చేతితో చేసే గిటారు ఉపకరిస్తుంది. వీణలో కుండకూ పైపలకకూ పనసే వాడగా, గిటారులో వేర్వేరు కర్రలు వేర్వేరు పనులు చేస్తాయి. పైపలకకు శీతలప్రాంతపు స్ప్రూస్ వాడతారు. దాని సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 400 కిలోలు. తక్కువ బరువులో ఎక్కువ దృఢత్వం దాని గుణం. వార్షిక వలయాలు పలక ముఖానికి లంబంగా నిలిచేలా దుంగను కోస్తారు. వెనుక, ప్రక్క పలకలకు దాదాపు రెట్టింపు సాంద్రత గల రోజ్‌వుడ్ వంటి కర్రలను వాడతారు.

రోజ్‌వుడ్ అనగానే దశాబ్దాలపాటు బ్రెజిల్ కర్రే గుర్తుకు వచ్చేది. 1960ల చివర బ్రెజిల్ దుంగల ఎగుమతిని కట్టడి చేయగా, అమెరికాకు చెందిన మార్టిన్ సంస్థ 1969లో భారతీయ రోజ్‌వుడ్‌కు మారింది. తెలుగువారు ఇరుగుడు లేదా జిట్రేగి అని పిలిచే చెట్టు అదే. బ్రెజిల్ రకం 1992లో సైటీస్ ఒప్పందపు మొదటి అనుబంధంలో చేరింది. 2017 జనవరి నుంచి ఇరుగుడుతో సహా ఆ ప్రజాతి మొత్తం రెండవ అనుబంధపు నియంత్రణలోకి వచ్చింది. తయారైన వాద్యాలకు 2019లో మినహాయింపు లభించింది. శేషాచలం కొండల ఎర్రచందనానిదీ ఇటువంటి కథే. జపాన్‌లో మేలురకం షామిసెన్ దండాలకు విలువైన ఈ కర్ర 1995 నుంచి అదే ఒప్పందం కింద నియంత్రణలో ఉంది. స్థానిక వృక్షం అంతర్జాతీయ వాద్యదారువుగా మారినప్పుడు దాని విలువతోపాటు దానికి ముప్పు కూడా పెరుగుతుంది.

ఇంత వెల పలికే వెనుకపలక నాదాన్ని నిజంగా ఎంతవరకు నిర్ణయిస్తుంది? స్పెయిన్ నిర్మాత ఆంటోనియో డి టోర్రెస్ 1862లో వెనుక, ప్రక్క భాగాలను కాగితపు గుజ్జు అట్టతో చేసి, పైపలకే ప్రధానమని చాటాడు. 2018లో బ్రిటన్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెనుక, ప్రక్క పలకల కర్రలో మాత్రమే తేడా గల ఆరు గిటార్లను 52 మంది వాదకుల చేత, ఏది ఏదో కనిపించకుండా, వాయింపజేశారు. వాదకులు ఆ ఆరింటి నాదానికి దాదాపు సమానమైన విలువ కట్టారు. ఖరీదైన కర్రకు ప్రత్యేక ఆధిక్యం కనిపించలేదు. దీన్నిబట్టి కర్ర ఏదైనా ఒకటేనని భావించరాదు. పైపలక విషయంలో ఎంపిక నిర్ణాయకమే. వెనుకపలక విషయంలో మాత్రం కర్ర కీర్తి దాని నాదాన్ని మించిపోయింది.

6. ఉపసంహారం:

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, వాద్యదారువు చరిత్ర ప్రత్యామ్నాయాల చరిత్ర: వేగిస స్థానంలో పనస, బ్రెజిల్ కర్ర స్థానంలో ఇరుగుడు వచ్చాయి. రెండవది, ఈ మార్పుల్లోనూ నిలిచి ఉన్నది ఎంపిక వివేకం: ఆరిన కర్రను గుర్తించడం, చేవను చూడడం, తట్టి విని పలుకును అంచనా వేయడం. మూడవది, ఈ వివేకం లిఖితరూపంలో దాదాపుగా లేదు. పేర్లను కవి కాపాడాడు, రూపాన్ని శిల్పి కాపాడాడు. పదార్థజ్ఞానం మాత్రం వడ్రంగి చేతిలోనే ఉండిపోయింది.

వాద్యరత్నావళి మళ్లీ దొరుకుతుందన్న భరోసా లేదు. కానీ గొల్లపల్లి వడ్రంగి, పాలమూరు కిన్నెరకారుడు నేటికీ ఉన్నారు. పర్వతప్రకరణంలోని ప్రతి వాద్యనామం పక్కన దాని కర్ర, కోత, ఆరబెట్టే పద్ధతి, అతుకు వివరాలను చేర్చే పదార్థకోశం ఒకటి తెలుగులో రావలసి ఉంది. అందుకు గ్రంథాలయంతోపాటు వడ్రంగిశాల కూడా పరిశోధనాక్షేత్రం కావాలి. ఆ చేతులు పని మానుకున్న తరువాత పాల్కురికి పట్టికలోని పేర్లకు అర్థం నిఘంటువులో మాత్రమే మిగులుతుంది.