సాఫ్ట్‌వేర్ కరదీపిక నుంచి ఊరి చరిత్ర దాకా: స్వచ్ఛంద రచనలు, ప్రచురణ హక్కులు

ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం పశ్చిమ కర్నూలు ఆర్థిక చరిత్రలో ప్రసిద్ధం. ఇటువంటి సంఘాల్లో నూలు సంఘానిది, పనితనం నేతగానిది. కూలి ముట్టాక గుడ్డ సంఘానికి చెందుతుంది. పత్రికలో జీతానికి రాసే రచయిత స్థితి దాదాపు ఇదే. వేరే ఒప్పందం లేనప్పుడు ఉద్యోగంలో భాగంగా రాసిన వ్యాసంపై, పత్రికా ప్రచురణ మేరకు, హక్కు యజమానిదేనని 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను చెబుతుంది. స్వచ్ఛందంగా రాసినవారి సంగతి వేరు. ఉచితంగా ఇచ్చిన వ్యాసం పత్రిక సొత్తవుతుందన్న భావనకు ఈ చట్టంలో ఆధారం లేదు. ఆ హక్కు రచయిత జీవితకాలమూ, మరణానంతరం 60 ఏళ్లూ నిలుస్తుంది. బదిలీ పత్రంలో కాలం చెప్పకపోతే 5 ఏళ్లకు, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికి మాత్రమే అది పరిమితమవుతుందని 19వ సెక్షను నిర్దేశం. 30ఎ సెక్షను ద్వారా ఈ నియమాలు లైసెన్సులకూ అన్వయిస్తాయి.

ఈ చిక్కును ముందుగా ఎదుర్కొన్నవారిలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారులు ముఖ్యులు. ప్రోగ్రాములతోపాటు వాటి కరదీపికలూ అందరూ సవరించుకోగలిగేలా ఉండాలన్న ఉద్దేశంతో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2000 మార్చిలో గ్నూ ఫ్రీ డాక్యుమెంటేషన్ లైసెన్సును విడుదల చేసింది. వికీపీడియా దానినే స్వీకరించింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకూ అదే సంక్రమించింది. సాఫ్ట్‌వేర్ కరదీపికకు కుట్టిన చొక్కాను ఊరి చరిత్రకు తొడిగారన్నమాట. ఆదోని మీద ఒక పుట వ్యాసాన్ని స్థానిక పత్రిక పునర్ముద్రించాలంటే లైసెన్సు పాఠమంతా, అదీ ఆంగ్ల మూలంతో సహా, అచ్చువేయాలి. ప్రతులు 100 దాటితే కంప్యూటరులో సవరించదగిన ప్రతినో, అది దొరికే అంతర్జాల చిరునామానో జతచేయాలి. వ్యాసం కంటే నిబంధనలే ఎక్కువ పుటలు ఆక్రమిస్తాయి.

2008 నవంబరులో వచ్చిన 1.3 కూర్పు ఇటువంటి సామూహిక రచనా వేదికలు 2009 ఆగస్టు 1లోగా క్రియేటివ్ కామన్స్‌కు మారడానికి వీలు కల్పించింది. ఓటింగు అనంతరం 2009 జూన్‌లో వికీపీడియా మారింది. అప్పటికే రాసి వెళ్లిపోయిన ప్రతి రచయితనూ విడిగా అడగలేదు. తర్వాతి కూర్పులూ వర్తిస్తాయన్న పాత నిబంధనకు వారు ముందే సమ్మతించి ఉన్నారు. భవిష్యత్తులో రాబోయే షరతుకు నేడే ఒప్పుకోవడం సాహిత్య చరిత్రకారులు ఇంకా తగినంతగా పట్టించుకోని విషయం.

2007లో ఆరంభమైన ఉబుంటు వాడుకరుల స్వచ్ఛంద పత్రిక ఫుల్ సర్కిల్ కూడా క్రియేటివ్ కామన్స్ షేర్-అలైక్ లైసెన్సునే ఎంచుకుంది. దాని వ్యాసాన్ని తెలుగు చేయదలచినవారు మళ్లీ అనుమతి కోరనక్కర లేదు. అయితే మూల రచయితను పేర్కొనాలి, మార్పును తెలపాలి, అనువాదాన్నీ అదే లైసెన్సుతో విడుదల చేయాలి. ఆ అనువాదం కింద సర్వహక్కులూ ప్రచురణకర్తవేనని అచ్చువేయడం చెల్లదు.

మన కావ్యాల ఆశ్వాసాంత గద్యలో కవి పేరు, తరచుగా తండ్రి పేరూ పాఠంలోనే ఇమిడి ఉండేవి. ఎవరు ఎత్తిరాసినా కర్త పేరు గ్రంథంతోపాటే సాగేది. వికీ వ్యాసంలో ఆ స్థానం పుట చరిత్రది. అందువల్ల ఆదోని, ఎమ్మిగనూరు వ్యాసాలను అచ్చువేసే సంచిక ‘వికీపీడియా సౌజన్యంతో’ అన్న రెండు మాటలతో సరిపెట్టుకోలేదు. పుట చిరునామా, లైసెన్సు పేరు, చేసిన మార్పుల ప్రస్తావన కూడా వ్యాసం కిందనే ఉండాలి.