పెద్దప్రేగు కాన్సర్ ప్రోటీన్ సూచికలు

పెద్దప్రేగు కాన్సర్ ప్రోటీన్ సూచికలు అనగా పెద్దప్రేగులో గాని, పురీషనాళంలో గాని ఏర్పడిన కాన్సర్‌ను గుర్తించడానికి, రోగి భవిష్యత్ స్థితిని అంచనా వేయడానికి, చికిత్స తర్వాత వ్యాధి తిరగబెట్టిందేమో తెలుసుకోవడానికి తోడ్పడే మాంసకృత్తులు. వీటిని రక్తంలో, మలంలో, లేదా వ్యాధి సోకిన కణజాలంలో పరీక్షిస్తారు. వీటిలో ముఖ్యమైనవి మూడు: రక్తంలోని సి.ఇ.ఎ., మలంలోని హీమోగ్లోబిన్, కణజాలంలోని డి.ఎన్.ఎ. మరమ్మతు ప్రోటీనులు. ఈ మూడింటి ప్రయోజనాలు వేరువేరు. ఒకటి చేయవలసిన పనిని మరొకదానికి అప్పగిస్తే రోగికి నష్టం కలిగే ప్రమాదం ఉన్నది.

నేపథ్యం

2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 19 లక్షల మందికి కొత్తగా ఈ వ్యాధి సోకినట్లు, సుమారు 9 లక్షల మంది మరణించినట్లు అంచనా. పాశ్చాత్య దేశాలతో పోల్చితే భారతదేశంలో దీని వ్యాప్తి తక్కువ. ఈ కాన్సర్లలో అధికభాగం ప్రేగు లోపలి పొరపై పెరిగే పాలిప్ అనే చిన్న బుడిపెలుగా మొదలవుతాయి. బుడిపె కాన్సర్‌గా మారడానికి సాధారణంగా అనేక సంవత్సరాలు పడుతుంది. ఈ వ్యవధిలో గుర్తించి తొలగించినట్లయితే వ్యాధిని నివారించవచ్చును. కాన్సర్ అని నిర్ధారించేది మాత్రం కొలొనోస్కోపీ ద్వారా తీసిన ముక్క పరీక్షయే. ప్రోటీన్ సూచికలేవీ దానికి ప్రత్యామ్నాయం కావు.

సి.ఇ.ఎ.

కార్సినో ఎంబ్రియానిక్ యాంటిజెన్ అనే పేరుకు సంక్షిప్త రూపమే సి.ఇ.ఎ. ఇది చక్కెర అణువులతో కూడిన ప్రోటీన్. తల్లి గర్భంలోని పిండం ప్రేగులలో ఇది సమృద్ధిగా తయారవుతుంది, పుట్టిన తర్వాత చాలావరకు తగ్గిపోతుంది. పెద్దప్రేగు కాన్సర్ కణాలలో అనేకం దీనిని మరల అధికంగా ఉత్పత్తి చేస్తాయి.

కెనడాలోని మాంట్రియల్ నగరంలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ 1965లో దీనిని కనుగొన్నారు. 1969లో రక్తంలో దీని పరిమాణాన్ని కొలిచే పద్ధతి వెలువడింది. ఒక్క రక్తపరీక్షతో కాన్సర్‌ను పట్టుకోవచ్చునని అప్పట్లో ఆశలు చిగురించాయి. తరువాతి అధ్యయనాలు ఆ ఆశను నిలబెట్టలేదు. ఇందుకు కారణాలు రెండు. మొదటిది, తొలిదశ రోగులలో చాలామందికి సి.ఇ.ఎ. మామూలుగానే ఉంటుంది. రెండవది, కాన్సర్ లేకున్నా పొగ త్రాగేవారిలోను, కాలేయ వ్యాధులు, క్లోమశోథ, ప్రేగుల వాపు ఉన్నవారిలోను ఇది పెరుగుతుంది. సాధారణంగా మిల్లీలీటరు రక్తరసంలో పొగ త్రాగనివారికి 3 నానోగ్రాములు, త్రాగేవారికి 5 నానోగ్రాముల లోపు ఉండవలెనని భావిస్తారు. ప్రయోగశాల పద్ధతిని బట్టి ఈ హద్దులు కొంత మారుతాయి.

ఒక ఊహాత్మక లెక్క చూడవచ్చును. ఆరోగ్యంగా కనిపించే 1000 మందిలో ఇద్దరికి కాన్సర్ ఉన్నదనుకుందాం. వ్యాధి లేనివారిలో నూటికి 5 మందికి పొరపాటుగా పాజిటివ్ చూపే పరీక్ష చేస్తే, సుమారు 50 మంది అకారణంగా భయపడతారు. అసలు రోగులిద్దరిలో ఒకరు తప్పిపోవచ్చును. అందుచేతనే ఆరోగ్యవంతులలో కాన్సర్ వెదకడానికి సి.ఇ.ఎ. పరీక్షను వైద్య మార్గదర్శకాలు సిఫారసు చేయవు.

దీని నిజమైన ప్రయోజనం వ్యాధి నిర్ధారణ తర్వాత మొదలవుతుంది. శస్త్రచికిత్సకు ముందు 5 నానోగ్రాములకు మించి ఉన్నవారిలో వ్యాధి తిరగబెట్టే అవకాశం ఎక్కువ. కణితిని పూర్తిగా తొలగించినట్లయితే 4 నుండి 6 వారాలలో ఇది మామూలు స్థాయికి దిగుతుంది. దిగకపోతే వ్యాధి ఇంకా మిగిలి ఉన్నదేమోనని అనుమానించవలెను. ఆ తరువాత రెండు సంవత్సరాలు 3 నుండి 6 నెలలకొకసారి, అయిదవ సంవత్సరం వరకు 6 నెలలకొకసారి పరీక్షిస్తారు. వరుసగా పెరుగుతూ పోతే కాలేయానికి గాని, ఊపిరితిత్తులకు గాని వ్యాధి వ్యాపించినదేమోనని సి.టి. స్కాన్ ద్వారా చూస్తారు. తిరగబెట్టిన ప్రతి కాన్సరూ సి.ఇ.ఎ.ను పెంచదు గనుక స్కానింగులు, కొలొనోస్కోపీ కూడా అవసరమే.

మలంలో హీమోగ్లోబిన్

కణితులు, పెద్ద పాలిప్‌లు కంటికి కనిపించనంత కొద్దిగా రక్తం స్రవిస్తాయి. పాతకాలపు గ్వాయాక్ పరీక్షలో మాంసాహారం, కొన్ని కూరగాయలు తప్పుడు ఫలితానికి దారితీసేవి. తరువాత వచ్చిన ఫిట్ పరీక్ష మానవ రక్తంలోని గ్లోబిన్ అనే ప్రోటీన్‌ను ప్రతిరక్షకాల సాయంతో గుర్తిస్తుంది. కావున పథ్యం అవసరం లేదు. జీర్ణాశయం నుండి వచ్చే రక్తంలోని గ్లోబిన్ దారిలోనే జీర్ణమవుతుంది గనుక, ఈ పరీక్ష ముఖ్యంగా పెద్దప్రేగులోని రక్తస్రావాన్నే సూచిస్తుంది.

జపాన్ 1992లో ఈ పరీక్షతో దేశవ్యాప్త కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఒక్కసారి చేసిన పరీక్ష కాన్సర్లలో సుమారు నాలుగింట మూడు వంతులను పట్టుకొంటుంది. పాలిప్‌ల విషయంలో దీని శక్తి ఇంకా తక్కువ. అందువల్ల ఏటా గాని, రెండేళ్ళకొకసారి గాని మరల చేయించవలెను. మొలల వలన కూడా పాజిటివ్ రావచ్చును. అయితే పాజిటివ్ వచ్చినవారు అది మొలలవల్లనేనని ఊహించి ఊరకుండక, కొలొనోస్కోపీ చేయించుకొనవలెను.

మరమ్మతు ప్రోటీనులు

కణం విభజన చెందేటప్పుడు డి.ఎన్.ఎ. నకలులో దొర్లే తప్పులను ఎమ్.ఎల్.హెచ్.1, ఎమ్.ఎస్.హెచ్.2, ఎమ్.ఎస్.హెచ్.6, పి.ఎమ్.ఎస్.2 అనే ప్రోటీనులు సరిదిద్దుతాయి. ముక్క పరీక్షలో ప్రత్యేక రంగుల ద్వారా వీటి ఉనికిని చూస్తారు. ఇక్కడ ప్రోటీన్ ఉండడం కాదు, లేకపోవడమే సూచిక. పెద్దప్రేగు కాన్సర్లలో సుమారు 15 శాతంలో ఈ లోపం కనిపిస్తుంది.

లోపమున్న రెండవ దశ రోగుల భవిష్యత్తు సాధారణంగా మెరుగ్గా ఉంటుంది. వారికి ఫ్లోరోయురాసిల్ మందు ఒక్కటే ఇవ్వడం వలన పెద్దగా మేలు లేదు. వ్యాధి ఇతర అవయవాలకు వ్యాపించిన దశలో ఇమ్యూనోథెరపీ మందులు ఈ రకానికి బాగా పనిచేస్తాయి. వీటిలో పెంబ్రోలిజుమాబ్‌ను 2020లో అమెరికా తొలి చికిత్సగా అనుమతించింది. లోపం వంశపారంపర్యమైనదైతే దానిని లించ్ సిండ్రోమ్ అంటారు. ఇది పెద్దప్రేగు కాన్సర్ రోగులలో సుమారు 3 శాతం మందిలో ఉంటుంది. అట్టి రోగి తోబుట్టువులకు, సంతానానికి జన్యు పరీక్ష చేయించడం వలన వ్యాధి రాకముందే జాగ్రత్తపడవచ్చును.

రాయలసీమలో పరిస్థితి

కొత్తచెరువు, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. అంతకుముందు ఇవి అనంతపురం జిల్లాలోనివి. 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొట్టమొదట అమలైన మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి. మిగిలినవి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. పేదలకు కాన్సర్ శస్త్రచికిత్స, మందులు ఈ పథకం వలన అందుబాటులోకి వచ్చాయి. ఈ ప్రాంతానికి హైదరాబాదు కన్న బెంగళూరు దగ్గర. అక్కడి కిద్వాయ్ సంస్థ 1973లో స్థాపించబడినది.

వ్యాధిని ముందుగా గుర్తించడంలో మాత్రం లోటు ఉన్నది. భారత ప్రభుత్వ జాతీయ కార్యక్రమంలో 30 ఏళ్ళు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సర్ పరీక్షలు చేస్తారు. పెద్దప్రేగు కాన్సర్ అందులో లేదు. కావున లక్షణాలను గమనించే బాధ్యత ప్రజలపైననే పడుతున్నది. మలంలో రక్తం, మలవిసర్జన అలవాటులో మార్పు, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం ముఖ్య లక్షణాలు. వీటిని మొలలుగా భావించి నాటుమందులతో నెలలు గడపడం ప్రమాదకరం. లక్షణాలున్నవారికి సి.ఇ.ఎ. మామూలుగా వచ్చినంత మాత్రాన కాన్సర్ లేదని అర్థం కాదు.

శస్త్రచికిత్స అయినవారు ప్రతిసారీ నగరానికి వెళ్ళకుండా దగ్గరి పట్టణంలోనే రక్తం ఇవ్వవచ్చును. అయితే వేరువేరు పద్ధతులలో వచ్చే అంకెలను పోల్చరాదు గనుక, వీలైనంతవరకు ఒకే ప్రయోగశాలలో చేయించడం మంచిది. శస్త్రచికిత్సకు ముందటి సి.ఇ.ఎ. నివేదికను, ముక్క పరీక్ష నివేదికను భద్రపరచుకొనవలెను. తరువాత వచ్చే ప్రతి అంకెకు అర్థం చెప్పేది ఆ మొదటి అంకెయే.